పోయినవాళ్లు కల్లోకి వస్తే మనం అడగని ప్రశ్న

"రాత్రి నాయన కల్లోకి వచ్చినాడు" అని పొద్దున్నే ఇంట్లో ఎవరైనా అన్నారంటే, తిరుపతి, చిత్తూరు పక్క వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఏమన్నా అడిగినాడా?"

అన్నం అడిగితే ఆకలితో ఉన్నాడంటారు. గుడ్డలు అడిగితే సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టలేదని గుర్తుచేసుకుంటారు. రమ్మని చెయ్యి పట్టుకున్నాడంటే ఇంక ఇంటిల్లిపాదికీ టెన్షనే. "నువ్వు వెనకాల పోలేదు కదా?" అని గుచ్చి గుచ్చి అడుగుతారు. ఏమీ అడక్కుండా ఊరికే చూసి పోయినా వదలరు. మాట్లాడలేదంటే కోపంగా ఉన్నాడేమో, దివసాల్లో ఏదైనా లోపం జరిగిందేమో అని లెక్కలు మొదలవుతాయి.

ఈ ప్రశ్నలన్నీ పోయిన మనిషి చుట్టూ తిరుగుతాయి. కల కన్న మనిషిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నిద్ర మీద, దుఃఖం మీద జరిగిన పరిశోధనలనూ, మన పాత గ్రంథాల్లోని మాటలనూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అనిపించింది ఇదీ: ఆయన కల్లో ఏమడిగాడన్నది అంత పెద్ద విషయం కాదు. లేచాక నీకెట్లా ఉండింది అని అడగాలి. మిగతా చిక్కుముళ్లు చాలావరకు అక్కడి నుంచే విడిపోతాయి.

ముందు ఒక భయం తీసేద్దాం. ఇట్లాంటి కల రావడం వింత కాదు. చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే హాస్పిస్ కేంద్రాలు అమెరికాలో చాలా ఉన్నాయి. అక్కడ తమవాళ్లను పోగొట్టుకున్న 278 మందిని అడిగి చేసిన ఒక సర్వే 2014లో అచ్చయింది. వాళ్లలో 58 శాతం మంది, పోయినవాళ్లు తమ కల్లోకి వచ్చారనే చెప్పారు. ఆ కలల్లో ఎక్కువ భాగం హాయిగా ఉన్నవో, హాయీ బాధా కలిసినవో. కేవలం బాధపెట్టిన కలలే వచ్చాయన్నవాళ్లు కొద్దిమందే. పాత మంచి రోజులు, జబ్బు లేకుండా కనబడడం, చివరి ఘడియలు మళ్లీ కళ్లముందుకు రావడం, ఏదో ఒక మాట చెప్పి పోవడం, ఇవే ఎక్కువమంది చెప్పిన సంగతులు.

మన దగ్గర చెప్పుకునే కలలూ ఇవే. చిక్కి శల్యమై మంచంలో పోయిన అవ్వ, కల్లో బిందె చంకన పెట్టుకుని గబగబా నడిచి వస్తుంది. డయాలసిస్‌తో నీరసించి పోయిన మామ, బంగారుపాళెం పక్క మామిడి తోటలో కాయ కోయిస్తూ తోతాపురి రేటు పడిపోయిందని గొణుగుతుంటాడు. ఎక్కడో అమెరికా ఆస్పత్రి మనుషులకూ మనకూ కలలు ఒకేరకంగా వస్తున్నాయంటే, కారణం కర్మకాండలో కన్నా మనిషి మెదడులో వెతకడం మేలు.

1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ ఒక సంగతి బయటపెట్టారు. నిద్రపోతున్న మనిషి కనుగుడ్లు కొన్ని సమయాల్లో మూసిన రెప్పల కింద చకచకా కదులుతాయి. ఆ సమయంలో లేపి అడిగితే కల వస్తోందని చెబుతారు. దీన్నే రెమ్ నిద్ర అంటున్నాం. సుమారు గంటన్నరకు ఒకసారి ఈ దశ వస్తుంది. పెద్దవాళ్ల నిద్రలో మొత్తం మీద ఇది 20 నుంచి 25 శాతం. అయితే రాత్రంతా సమానంగా పంచుకుని రాదు. మొదటిసారి పది నిమిషాలు ఉంటే, తెల్లవారుజాముకు అరగంట దాకా సాగవచ్చు. ఆ దశలో ఉండగా మెలకువ వస్తే కల బాగా గుర్తుండే అవకాశం ఎక్కువ.

మా వీధిలో ఒకావిడ ఉంది. ఆమె భర్త తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపేవాడు. తొలి ట్రిప్పు డ్యూటీ పడినప్పుడల్లా ఆమె మూడింటికే లేచి, చిత్రాన్నమో ఉప్మానో చేసి క్యారియర్ కట్టి ఇచ్చేది. ఆయన పోయిన కొత్తలో ఆమెకు పదే పదే ఒకే కల. ఖాకీ చొక్కా వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడతాడు. "క్యారియర్ ఏదీ?" అంటాడు. ఈమె పొయ్యి వెలిగించబోతుంది, గ్యాస్ అయిపోయి ఉంటుంది. సిలిండర్ ఊపి చూస్తుంది, బరువు ఉండదు. అంతే, మెలకువ. గడియారంలో మూడు. చుట్టాలంతా తేల్చేశారు: మనిషి ఆకలితో తిరుగుతున్నాడు, పైగా తెల్లారుజాము కల, నిజం కాకుండా పోదు అని. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

ఇక్కడ ఆకలి ఎవరిదో కాసేపు పక్కన పెట్టి, గడియారాన్ని చూడండి. ఏళ్ల తరబడి మూడింటికి లేచిన ఒళ్లు, లేపే మనిషి లేకపోయినా అదే సమయానికి లేస్తుంది. అప్పటికి రెమ్ నిద్ర నిడివి పెరిగి ఉంటుంది, అందులోంచి నేరుగా లేచింది కాబట్టి కల మొత్తం గుర్తుంది. ఆయన అడిగినది రోజూ అడిగే మాటే. గ్యాస్ లేకపోవడం మాత్రం ఆమె సొంత దిగులు అని నా అనుమానం. మనిషికి ఇంక ఏమీ చేసిపెట్టలేని స్థితి నిద్రలో ఆ రూపంలో వచ్చింది. ఆమెను ఎవరన్నా "లేచాక నీకెట్లా ఉంటోందమ్మా" అని అడిగి ఉంటే, మొదటి రోజే ఈ మాట బయటికి వచ్చేది.

తెల్లవారుజాము కల నిజమవుతుందన్న నమ్మకానికి పాత గ్రంథాల్లో ఆధారం లేకపోలేదు. రాత్రి తొలి జాములో వచ్చిన కల ఏడాదికి ఫలిస్తుందని, సూర్యోదయ వేళ వచ్చిన కల పది రోజుల్లోనే ఫలిస్తుందని అగ్నిపురాణం చెబుతుంది. తెల్లవారుజాము కలలు ఎక్కువగా గుర్తుంటాయన్నంత వరకు పెద్దల గమనిక సరైనదే. గుర్తున్నదల్లా జరిగి తీరుతుందనడం వేరే సంగతి.

ఇంకో చిక్కు ఉంది. కల్లో చాలాసేపు, ఆ మనిషి పోయాడన్న సంగతే మనకు తట్టదు. పక్కన కూర్చుని కాఫీ తాగుతుంటాం, మాట్లాడుతుంటాం. ఎందుకని? 1990ల్లో నిద్రపోతున్నవాళ్ల మెదడును స్కాన్ చేసి చూసినప్పుడు దీనికి కొంత జవాబు దొరికింది. రెమ్ నిద్రలో భావోద్వేగాలను నడిపే అమిగ్దల లాంటి భాగాలు చురుగ్గా ఉంటాయి. నుదుటి వెనక, తర్కించి 'ఇది ఎట్లా కుదురుతుంది' అని నిలదీసే భాగం మాత్రం మందగిస్తుంది. ప్రేమ, భయం, బెంగ పూర్తిగా మేలుకుని ఉంటాయి, లెక్క అడిగేవాడు నిద్రపోతుంటాడు. అందుకే ఆ కల అంత నిజంగా ఉంటుంది. "కల కాదు సామీ, నిజంగా వచ్చినాడు, చెయ్యి వెచ్చగా తగిలింది" అని ప్రమాణం చేసి చెప్పేవాళ్లు అబద్ధమాడడం లేదు.

కొన్నిసార్లు కల మధ్యలోనే గుర్తొస్తుంది: "నువ్వు పోయినావు కదా నాయనా!" డీర్‌డ్రా బారెట్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1990ల మొదట్లో ఇట్లాంటి కలలను పోగుచేసి రకాలుగా విడదీసింది. పోయిన మనిషి బతికి రావడం, చూసినవాళ్లు సంతోషమో కంగారో పడడం అనే రకం, మరణం జరిగిన కొత్తలో ఎక్కువ. సలహాలిచ్చే కలలు నిదానంగా వస్తాయి. ఇక్కడి మాటల్లో చెప్పాలంటే మొదట్లో "చచ్చిపోలేదంట, ఆస్పత్రివాళ్లు పొరపాటు చెప్పినారంట" అనే కల. ఏడాదో రెండేళ్లో గడిచాక, "బోరు మోటారు ఆపకుండా వచ్చినావే, కాలిపోదా?" అని తిట్టే నాయన. తిట్టే నాయన వచ్చాడంటే భయపడాల్సింది లేదు, మనసు కొంచెం కుదుటపడిందనే నేను అనుకుంటాను. ఆ మనిషి జబ్బు మంచం దిగి, మామూలు మనిషిగా మన జ్ఞాపకంలోకి తిరిగి వచ్చాడు.

దివసాలు అయిపోయిన వెంటనే కలలు పోటెత్తడానికి ఒక సాదా కారణం కూడా ఉంది. ఆస్పత్రి వరండాలో చాప పరుచుకుని కాపలా కాసిన రాత్రులు, తర్వాత చావింట్లో జాగారాలు, వచ్చేపోయే చుట్టాలు. రెమ్ నిద్ర బాకీ పడిపోతుంది. చుట్టాలు బస్సెక్కి ఇల్లు ఖాళీ అయ్యాక శరీరం ఆ బాకీని ఒక్కసారిగా వసూలు చేసుకుంటుంది. అప్పుడు కలలు దండిగా, గాఢంగా వస్తాయి. ఇల్లు నిశ్శబ్దమైన మొదటి వారంలోనే "ఆత్మ తిరుగుతోంది" అనే మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

బాధపెట్టే కలల్లో ఎక్కువగా కనిపించేది తప్పుచేసిన భావన. "ఇంకో రెండు రోజులు ముందే రాయవేలూరు ఆస్పత్రికి తీసుకుపోయుంటే బతికేవాడు" అనే మాట మన చిత్తూరు ఇళ్లలో ఎన్నిసార్లు వినుంటాం! ఆ మాట పగలు నోటితో అనకపోతే రాత్రి కల్లో వస్తుంది. ఆంబులెన్స్ కదలదు, ఫోన్ నంబరు నొక్కితే వేళ్లు జారిపోతాయి, ఆయన మనవైపే చూస్తుంటాడు.

కలల శాస్త్రానికి మూలపురుషుడనే సిగ్మండ్ ఫ్రాయిడే దీన్ని తప్పించుకోలేదు. ఆయన తండ్రి 1896 అక్టోబరులో పోయాడు. అంత్యక్రియల నాడు క్షురకుడి దుకాణంలో ఆలస్యమై ఫ్రాయిడ్ ఇంటికి లేటుగా చేరాడు, ఇంట్లోవాళ్లు నొచ్చుకున్నారు. కల్లో ఆయనకొక బోర్డు కనిపించింది: "దయచేసి కళ్లు మూయవలెను". తండ్రి కళ్లు మూయడం కొడుకు చెయ్యాల్సిన పని. నా తప్పు చూసీ చూడనట్టు పోండి అనే వేడుకోలూ అందులో ఉందని ఆయనే వివరించుకున్నాడు. ఇందులో నాకు నచ్చిన తమాషా ఒకటుంది. మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఈ కల అంత్యక్రియల తర్వాతి రాత్రి వచ్చిందన్నాడు, మూడేళ్ల తర్వాత పుస్తకంలో ముందు రాత్రి అని రాశాడు. అంతటివాడికే కల ఎప్పుడొచ్చిందో తారుమారైంది. "సరిగ్గా అమావాస్య ముందురోజే వచ్చినాడు" అని మనం పట్టుబట్టే ముందు దీన్ని తలుచుకోవచ్చు.

మన శాస్త్రాలు, పురాణాలు ఏమంటున్నాయని అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. మన భయాలకు రామాయణంలో ఒక మూలం కనిపిస్తుంది. భరతుడు మేనమామ ఇంట్లో ఉండగా తండ్రి కల్లోకి వస్తాడు. మాసిన బట్టలు, విరబోసుకున్న జుట్టు, కొండ మీది నుంచి పేడగుంటలో పడడం, దోసిళ్లతో నూనె తాగడం, గాడిదలు కట్టిన రథంలో దక్షిణానికి పోవడం. దశరథుడు అప్పటికే పోయాడు, కబురు ఇంకా చేరలేదు. కల్లో నూనె, దక్షిణ దిక్కు కనబడితే ఈనాటికీ మన అవ్వలు ఉలిక్కిపడేది ఇందుకే. గరుడపురాణం ప్రేతకల్పంలోనూ కలల ద్వారా ప్రేతబాధను గుర్తించడం గురించి ఉంది. చావింట్లో ఆ పురాణం చదివించుకునేవాళ్లకు ఆ వారంలో ఏ కల వచ్చినా ఆ కళ్లతోనే చూడడం సహజం.

అయితే అదే సంప్రదాయంలో ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. చరకసంహిత ఇంద్రియస్థానం కలలను ఏడు రకాలుగా చెబుతుంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, రాబోయేది సూచించేవి, శరీర దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు తెలుసుకోవాలంటాడు చరకుడు. నలభై ఏళ్లు కళ్లారా చూసిన, కలిసి బతికిన, మళ్లీ చూడాలని కోరుకుంటున్న మనిషి కల్లోకి వస్తే అది ఏ లెక్కలోకి వస్తుంది? ఆ ఐదింట్లోకే. మహాభారతంలో వ్యాసుడు యుద్ధంలో పోయిన వీరులందరినీ ఒక్క రాత్రికి గంగలోంచి పైకి రప్పిస్తాడు. గాంధారి, కుంతి, కోడళ్లు తెల్లవార్లూ తమవాళ్లతో గడుపుతారు. అక్కడ ఎవరూ అన్నం అడగలేదు, ఎవరూ ఎవరినీ నిందించలేదు. తెల్లారేసరికి దుఃఖం తేలికపడింది. భరతుడి కల గుర్తున్నంతగా ఈ రాత్రి మనకెందుకు గుర్తుండదో నాకు అర్థం కాదు.

మరి కల వచ్చిందని కాకికి ముద్ద పెట్టడం, మహాలయ అమావాస్యకు తర్పణం వదలడం, సంక్రాంతికి కొత్తబట్టలు పెట్టి వడ, పాయసం, ఓలిగ ఆకులో వడ్డించడం, ఇవన్నీ దండగేనా? కాదు. పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం చాలాకాలం, పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే దుఃఖం తీరుతుందని చెప్పింది. ఫ్రాయిడ్ 1917లో వేసిన బాట అది. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ దాన్ని ఎదిరించారు. చాలామంది బంధాన్ని తెంచుకోరు, రూపం మార్చి కొనసాగిస్తారు, అందులో రోగమేమీ లేదన్నారు. పెద్దలకు పెట్టుకునే ఇళ్లలో ఈ పని ఎప్పటినుంచో జరుగుతోంది. బస్సు డ్రైవరు భార్యకు కూడా చివరికి ఊరట అక్కడే దొరికింది. ఆయనకిష్టమైన చిత్రాన్నం చేసి, ఆకులో పెట్టి, మిగిలింది పక్కిళ్లకు పంచింది. ఏదో చేసిపెట్టాలన్న ఆరాటానికి చేతికి ఒక పని దొరికింది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. కల చెప్పగానే దోషమని బెదిరించి, శాంతి చేయించకపోతే పిల్లలకు ముప్పని చెప్పి, పదులవేల లిస్టు చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకుంటే మనసు కుదుటపడుతుందని తోస్తే చేయించుకోండి, ఎవరు కాదంటారు. అప్పు చేసి, భయంతో చేయించుకోవద్దు. దుఃఖంలో ఉన్న మనిషి బేరం ఆడలేడని తెలిసే ఆ లిస్టు రాస్తారు.

కలకూ, మెలకువలో కనిపించడానికీ తేడా ఉందని కూడా చెప్పాలి. బీడీ వాసన రావడం, వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడడం, పక్కన ఎవరో కూర్చున్నట్టు తోచడం, వీటికి పిచ్చి పడుతోందని హడలిపోతారు. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని కలిసి 1971లో ఒక అధ్యయనం ప్రచురించాడు. దాదాపు సగం మందికి ఇట్లాంటి అనుభవాలున్నాయి. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోలేదు.

చివరి రోజుల్లో ఉన్న పెద్దవాళ్లు "మా యమ్మ వచ్చి గుమ్మం కాడ నిలబడుకోనుంది" అనడం కూడా చూస్తుంటాం. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో హాస్పిస్‌లో 59 మంది రోగులను రోజూ అడిగి చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. వాళ్లలో 88 శాతం మందికి కనీసం ఒక కలో, దృశ్యమో కనిపించింది. మరణం దగ్గరపడేకొద్దీ పోయినవాళ్లు రావడం ఎక్కువైంది, ఎక్కువ ఊరటనిచ్చినవి కూడా ఆ కలలే. కాబట్టి "ఎవరూ లేరు, ఊరుకో" అని కసరకుండా, "ఏం కట్టుకునుంది తాతా మీ యమ్మ?" అని అడిగి చూడండి. మనిషి భయపడుతున్నా, మనుషుల్ని గుర్తుపట్టక గాబరా పడుతున్నా మాత్రం డాక్టరుకు చెప్పాలి. అది జ్వరం వల్లో మందుల వల్లో అయ్యుండవచ్చు.

ఎప్పుడు కంగారు పడాలి? ఇక్కడ మళ్లీ ఆ ప్రశ్నే పనికొస్తుంది, లేచాక ఎట్లా ఉంది అని. లేచాక ఏడుపొచ్చి, కాసేపటికి తేలికపడితే మంచిదే. అదే యాక్సిడెంటు, అదే ఉరి, అదే ఐసీయూ రోజూ కల్లోకొచ్చి, పడుకోవడానికే భయపడుతుంటే సాయం కావాలి. "నేనూ ఆయన దగ్గరికి పోతా" అనే మాట మెలకువలో వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఆత్మ పిలుస్తోందా లేదా అన్న చర్చ అప్పుడు అనవసరం, మనిషిని ఒంటరిగా వదలకూడదు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరు నెలలు, అమెరికా మానసిక వైద్యుల లెక్కలో పెద్దవాళ్లకు పన్నెండు నెలలు దాటినా దుఃఖం అదే తీవ్రతతో ఉండి, పనులేవీ చేసుకోనివ్వకపోతే దాన్ని చికిత్స చేయదగ్గ సమస్యగా చూస్తారు. పదే పదే వచ్చే పీడకలకు ఒక పద్ధతి ఉంది. ఆ కలకు మీకు నచ్చిన వేరే ముగింపు పగటిపూట రాసుకుని, రోజూ కాసేపు దాన్నే మనసులో ఊహించుకోవాలి. మానసిక వైద్యులు వాడే పద్ధతే ఇది. కష్టమైన కల అయితే వాళ్ల దగ్గరే మొదలుపెట్టడం మంచిది. బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్రలు వాడేవాళ్లకు కలలు గాఢంగా రావచ్చు. డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, మీరే మాత్ర ఆపేయొద్దు.

ఇక, కల రానివాళ్ల బాధ వేరే. "అందరి కల్లోకీ పోతుంది, నా కల్లోకి మాత్రం రాదు మా యమ్మ" అని ఏడ్చేవాళ్లున్నారు. అన్నదమ్ముల మధ్య ఇదొక పోటీగా కూడా మారుతుంది. పెద్దకొడుకు కల్లోకి వచ్చిందంటే అమ్మకు వాడంటేనే ఇష్టమని, చిన్నోడు సరిగ్గా చూడలేదు కాబట్టే రాలేదని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు. కల రాకపోవడానికి కారణం ఇష్టాయిష్టాలు కాకపోవచ్చు. డిప్రెషన్‌కు వాడే చాలా మందులు రెమ్ నిద్రను తగ్గిస్తాయి. రాత్రిపూట తాగే మద్యం కూడా నిద్ర మొదటి సగంలో అదే చేస్తుంది. ఇంకా సాదా కారణం ఒకటుంది. కలలు బాగా గుర్తుండేవాళ్లు రాత్రిపూట ఎక్కువసేపు మెలకువగా ఉంటారని ఫ్రాన్సు పరిశోధకులు చూపించారు. పెద్దకొడుక్కు షుగరుంది, రాత్రికి రెండుసార్లు బాత్రూముకు లేస్తాడు, లేచినప్పుడల్లా కల గుర్తుంటుంది. చిన్నోడు పడుకుంటే తెల్లారి పాలవాడు బెల్లు కొట్టేదాకా లేవడు. అమ్మ వచ్చి పోయినా వాడికి గుర్తుండే దారి లేదు.